క్లచ్ జారుతోందా, విడవడం లేదా? గేర్‌బాక్స్ దించే ముందు, దించాక చేయాల్సిన పని

పికప్ లేదనో, గేర్లు పడటం లేదనో కారు తీసుకెళ్తే చాలా షెడ్లలో వినిపించే మొదటి మాట: "క్లచ్ ప్లేట్లు పోయాయి సార్, సెట్ మార్చేద్దాం." నిజంగానే పోయి ఉండొచ్చు. లేదా ఒక నట్టు నాలుగు చుట్లు తిప్పితే సరిపోయే సంగతీ కావచ్చు. గేర్‌బాక్స్ దించితే గానీ ప్లేటు కనబడదు. దించాక మెకానిక్ కొత్త సెట్ వేయకుండా మళ్ళీ ఎక్కించడు. అందుకే పరీక్షలన్నీ దించకముందే అయిపోవాలి.

ఈ గైడ్ మారుతి 800, ఆల్టో లాంటి కేబుల్ క్లచ్ ఉన్న చిన్న కార్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. హైడ్రాలిక్ క్లచ్ కార్లకు 7వ భాగం ఉంది. క్లచ్ పెడలే లేని ఏఎంటీ (క్లచ్, గేర్లు వాటంతటవే పనిచేసే) కార్లకు ఇది పనికిరాదు. వాటి సర్దుబాటు స్కానర్ పెట్టి చేసేది.

1. ముందు మీ బండిలో ఏ రకమో చూడండి

బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ వైపు చూడండి. డ్యాష్‌బోర్డు వెనక గోడలోంచి నల్లటి కేబుల్ వచ్చి, గేర్‌బాక్స్ మీదున్న చిన్న ఇనుప చేతికి తగులుకుని, చివర మరల కడ్డీ, నట్టు కనిపిస్తే అది కేబుల్ క్లచ్. కేబుల్ బదులు సన్నటి పైపు వచ్చి చిన్న సిలిండర్‌లోకి వెళ్తుంటే హైడ్రాలిక్.

లోపలి అమరిక రెండింటిలోనూ ఒకటే. పెడల్ వదిలి ఉన్నప్పుడు, ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య క్లచ్ ప్లేటు గట్టిగా నొక్కుకుని ఉంటుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వెళ్ళి ప్రెషర్ ప్లేటు మధ్యలోని స్ప్రింగు వేళ్ళను నొక్కుతుంది, ప్లేటు విడుదలవుతుంది. సరిగా నొక్కుకోకపోతే క్లచ్ జారుతుంది. సరిగా విడవకపోతే గేర్లు పడవు.

ఇంకో విషయం బాగా గుర్తుంచుకోండి, కింద చాలాసార్లు అవసరమవుతుంది. ప్లేటు అరిగే కొద్దీ ఆ స్ప్రింగు వేళ్ళు బేరింగ్ వైపు జరుగుతాయి. అందువల్ల కేబుల్ కార్లలో పెడల్ ఫ్రీ ప్లే (బరువు తగిలేలోపు పెడల్ వదులుగా కదిలే దూరం) తగ్గుతుంది, క్లచ్ పట్టే చోటు పైకి వస్తుంది. కేబుల్ సాగితే అందుకు విరుద్ధంగా ఫ్రీ ప్లే పెరుగుతుంది, క్లచ్ అడుగున ఎక్కడో పడుతుంది.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

పరీక్షలకు:
- 30 సెం.మీ. స్కేలు, టార్చి
- చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు
- కొలతలు రాసుకోవడానికి కాగితం, పెన్ను

కేబుల్ పనికి:
- 10, 12, 14 నంబర్ స్పానర్లు, కటింగ్ ప్లయర్, నోస్ ప్లయర్
- తుప్పు వదిలించే స్ప్రే, వైర్ బ్రష్, కొంచెం గ్రీజు

గేర్‌బాక్స్ దించే పనికి:
- ట్రాలీ జాకీలు రెండు, గట్టి యాక్సిల్ స్టాండ్లు
- సాకెట్ సెట్, టార్క్ రెంచ్, ప్రై బార్
- క్లచ్ ప్లేటును మధ్యకు తెచ్చే అలైన్‌మెంట్ టూల్
- ఆయిల్ ట్రే, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ గేర్ ఆయిల్, బ్రేక్ క్లీనర్, మాస్కు

జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకండి. బండితో వచ్చే చిన్న జాకీ టైరు మార్చడానికి మాత్రమే.

3. బండి ఏం చెబుతోంది?

*జారడం:* యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది, వేగం పెరగదు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడో, నలుగురు కూర్చున్న బండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో ముందుగా బయటపడుతుంది. కాలిన వాసన వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇంజన్ శబ్దం పెరగకుండా బండి బరువుగా లాగుతుంటే అది క్లచ్ కాదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, పెట్రోలు సరిగా అందకపోవచ్చు, బ్రేకులు పట్టేసి ఉండొచ్చు. కాసేపు నడిపి ఆపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి (డిస్కుకు తగలనివ్వకండి). ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే ముందు బ్రేకుల సంగతి చూడాలి.

*విడవకపోవడం:* ఫస్ట్, రివర్స్ గేర్లు గరగరమంటాయి లేదా అసలు పడవు. పెడల్ పూర్తిగా తొక్కి ఉంచినా బండి ముందుకు పాకుతుంది. ఇంజన్ ఆపితే మాత్రం అన్ని గేర్లూ హాయిగా పడతాయి. ఇంజన్ ఆపినా గేరు పడకపోతే తప్పు క్లచ్‌ది కాదు, గేర్ లింకేజీదో గేర్‌బాక్స్‌దో.

*వణుకు:* ఫస్ట్ గేర్లో క్లచ్ వదులుతుంటే బండంతా ఊగుతుంది.

*శబ్దం, గట్టి పెడల్:* వీటికి కింద విడిగా పరీక్షలున్నాయి.

4. పరీక్షలు, ఇదే వరుసలో

4.1 మ్యాట్ తీసేయండి. నవ్వకండి. కంపెనీ మ్యాట్ మీద రబ్బరు మ్యాట్, దాని మీద ఇంకో కార్పెట్ వేసుకున్న బండ్లలో పెడల్ చివరిదాకా వెళ్ళదు. గేర్లు గట్టిగా పడుతున్నాయని చెప్పే బండ్లలో కొన్నిటి జబ్బు ఇదే. అన్నీ తీసేసి ఒకసారి నడిపి చూడండి.

4.2 ఫ్రీ ప్లే కొలవండి. ఇంజన్ ఆపేసి, స్కేలును పెడల్ పక్కన నిలబెట్టండి. పెడల్‌ను కాలితో కాకుండా చేత్తో నొక్కండి. మొదట వదులుగా కదిలి, ఒక చోట బరువు తగులుతుంది. అంతవరకు కదిలిన దూరమే ఫ్రీ ప్లే. కేబుల్ ఉన్న చాలా చిన్న కార్లలో ఇది సుమారు 10 నుంచి 25 మి.మీ. మధ్య ఉంటుంది. మీ మోడల్ అసలు కొలత ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పట్టించుకోండి. చూసిన కొలత రాసుకోండి.

అసలు కదలిక లేకపోతే బేరింగ్ ఎప్పుడూ వేళ్ళను నొక్కుతూనే ఉందన్నమాట. డ్రైవరు కాలు పెడల్ మీదే పెట్టుకుని నడిపినట్టు లెక్క. క్లచ్ జారడానికి ఇదొక్కటే కారణం కావచ్చు.

4.3 విడుస్తోందో లేదో. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి పెడల్ పూర్తిగా తొక్కండి. నాలుగైదు సెకన్లు ఆగి, నెమ్మదిగా రివర్స్ వేయండి. చాలా చిన్న కార్లలో రివర్స్‌కు సింక్రో (గేర్ల వేగాలను కలిపే అమరిక) ఉండదు కాబట్టి క్లచ్ కొంచెం పట్టి ఉన్నా గరగరమని చెప్పేస్తుంది. తొక్కిన మరుక్షణం వేస్తే మంచి క్లచ్ కూడా శబ్దం చేయొచ్చు, లోపల షాఫ్టు ఇంకా తిరుగుతుంటుంది. ఆగాక కూడా గరగరలాడితేనే లోపం.

4.4 జారుతోందో లేదో. ఖాళీ రోడ్డు మీద, వీలైతే ఎత్తు ఎక్కుతూ, నాలుగో గేర్లో 40 కి.మీ. వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం ముల్లు ఒక్కసారి ఎగిరి, వేగం వెనకబడితే క్లచ్ జారుతోంది. ముల్లు లేని మోడల్లో చెవే ఆధారం.

రోడ్డు దొరక్కపోతే చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, ఇంజన్ కొంచెం రేజ్ చేసి మూడో గేర్లో క్లచ్ వదలండి. ఎదురుగా మనుషులు ఉండకూడదు. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు పట్టడం లేదు, వెంటనే పెడల్ తొక్కేయండి. ఈ పరీక్ష ఒక్కసారే. మెకానిక్‌కీ, తమ్ముడికీ చూపించాలని మళ్ళీ మళ్ళీ చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలుతుంది. కొద్దిపాటి జారుడు దీనిలో దొరకదు, రోడ్డు మీదే తెలుస్తుంది.

4.5 శబ్దం ఎప్పుడు? న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా:
- పెడల్ తొక్కినప్పుడు గీమని మొదలై, వదిలితే పోతే: రిలీజ్ బేరింగ్.
- పెడల్ వదిలి ఉన్నప్పుడు వస్తూ, తొక్కితే పోతే: ఎక్కువగా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. ఈ శబ్దానికి క్లచ్ సెట్ మార్చినా ఉపయోగం లేదు.
- ఇంజన్ ఆపేసినా, పెడల్ కదిపినప్పుడల్లా కీచుమంటే: పెడల్ పిన్ను లేదా రిలీజ్ ఫోర్క్ షాఫ్టు ఎండిపోయింది.

4.6 కింద నుంచి చూడండి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట అడుగున తడి ఉందా? గుడ్డతో తుడిచి వాసన చూడండి. నల్లగా, పలుచగా ఉంటే ఇంజన్ ఆయిల్, క్రాంక్ వెనక సీలు నుంచి వస్తోంది. చిక్కగా, గంధకం కలిసిన ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. ఈ ఆయిల్ ప్లేటు మీద పడితే జారుతుంది, వణుకుతుంది. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ అంతే.

వణుకు సమస్య అయితే ఇంజన్ మౌంట్లు కూడా చూడండి. ఒకరు బ్రేకు మీద కాలుంచి, ఫస్ట్ గేర్లో క్లచ్ కొద్దిగా వదిలి పట్టుకోవాలి. ఇంకొకరు పక్క నుంచి, బండి ముందు నిలబడకుండా, ఇంజన్‌ను చూడాలి. ఇంజన్ ఎగిరి పడినట్టు కదిలితే రబ్బరు చిరిగింది.

5. కేబుల్ ఫ్రీ ప్లే సరిచేయడం

1. ఇంజన్ చల్లారనివ్వండి. మరల కడ్డీని వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగండి.
2. నట్టు ఇప్పుడున్న చోట మార్కర్‌తో గుర్తు పెట్టండి, లేదా బయటికి కనిపిస్తున్న మరలను కొలవండి.
3. కేబుల్ చివర తిరగకుండా ప్లయర్‌తో పట్టుకుని నట్టు తిప్పండి. బిగిస్తే ఫ్రీ ప్లే తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది.
4. ఒక్కో చుట్టు తిప్పి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, మళ్ళీ స్కేలుతో కొలవండి.
5. కొలత వచ్చాక లాక్ నట్టు ఉంటే బిగించి, 4.3, 4.4 పరీక్షలు మళ్ళీ చేయండి.

తరచూ జరిగే తప్పు ఒకటుంది. పికప్ లేదని వెళ్తే "క్లచ్ టైట్ చేశా" అంటారు. జారే క్లచ్‌కి కేబుల్ బిగించడమంటే ఉన్న కాస్త పట్టునూ తీసేయడమే. గేర్లు పడనప్పుడు బిగించాలి, జారుతున్నప్పుడు వదలాలి. ఈ ఒక్క తేడా తెలిసినవాడికి సగం పని వచ్చినట్టే.

ఫ్రీ ప్లే సరిగ్గా ఉన్నా జారుతుంటే, లేదా నట్టు చివరిదాకా వదిలినా ఫ్రీ ప్లే రాకపోతే, ప్లేటు అయిపోయి ఉంటుంది, లేదా దాని మీద ఆయిల్ పడి ఉంటుంది. నేరుగా 9వ భాగానికి వెళ్ళండి.

6. కేబుల్ గట్టిపడితే, తెగితే

కేబుల్ ఒక్కసారిగా తెగదు. పెడల్ వైపు కొక్కెం దగ్గరో, గేర్‌బాక్స్ వైపు తొడుగులోంచి బయటికొచ్చే చోటో ముందు ఒక్కో పోగు తెగి బయటికి పొడుచుకు వస్తుంది. ఆ పోగులు తొడుగు లోపల గీసుకుంటుంటే కాలి కింద గరుకుగా, దడదడమన్నట్టు తెలుస్తుంది. సైకిల్ బ్రేకు వైరు తెగబోయే ముందు ఎలా ఉంటుందో అలాగే. ఒక్క పోగు తెగి కనిపించినా మార్చేయండి.

పెడల్ గట్టిగా ఉంటే ముందు తేల్చాల్సింది ఒకటే: బరువు కేబుల్‌లో ఉందా, లోపల ఉందా? గేర్‌బాక్స్ వైపు కేబుల్ కొస ఊడదీసి, పెడల్‌ను చేత్తో ఆడించండి. ఇప్పుడూ బరువుగానే ఉంటే కేబుల్ లేదా పెడల్ పిన్ను. సుతారంగా కదిలితే లోపలే: ఫోర్క్ షాఫ్టు తుప్పు పట్టి ఉండొచ్చు, లేదా ప్రెషర్ ప్లేటు.

కొత్త కేబుల్ వేసేటప్పుడు:
- పాతది వెళ్ళిన దారిలోనే, అవే క్లిప్పుల్లోంచి పంపండి. మొబైల్లో ముందే ఫోటో తీసుకోండి.
- ఎక్కడా ముడతలు, ఇరుకు మలుపులు ఉండకూడదు. ఎగ్జాస్టుకు తగలకూడదు.
- కొక్కేనికి కొంచెం గ్రీజు రాయండి. కొత్త కేబుల్ లోపల నూనె పోయకండి, చాలావాటికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది.
- మొదటి కొన్ని రోజుల్లో కొద్దిగా సర్దుకుంటుంది. ఫ్రీ ప్లే మళ్ళీ కొలవండి.

దారిలో తెగితే: టోయింగ్ దొరికితే అదే మంచిది. దొరక్కపోతే, ఖాళీ రోడ్డు, దగ్గరి షెడ్డు అయితేనే ఈ ఉపాయం. ఇంజన్ ఆపి ఫస్ట్ గేర్ వేసి తాళం తిప్పండి. స్టార్టర్ మోటారు బండిని కుదుపుతో లాగుతూ ఇంజన్‌ను అందుకుంటుంది. ముందు కనీసం రెండు మూడు బండ్లంత ఖాళీ ఉండాలి. కొన్ని కార్లు పెడల్ తొక్కితే గానీ స్టార్ట్ కావు. అలాంటప్పుడు పెడల్ తొక్కే తిప్పండి, కేబుల్ తెగింది కాబట్టి క్లచ్ ఎలాగూ విడవదు. ఆపాల్సి వస్తే ముందుగానే యాక్సిలరేటర్ వదిలి న్యూట్రల్‌కు లాగి బ్రేకు వేయండి. ట్రాఫిక్ సిగ్నళ్ళ దారిలో ఈ సాహసం వద్దు.

7. హైడ్రాలిక్ క్లచ్ అయితే

పెడల్ మెత్తగా అయి, నాలుగైదుసార్లు గబగబా తొక్కితే గట్టిపడుతుంటే లైన్లో గాలి ఉంది. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ (పెడల్ వైపు) లేదా స్లేవ్ (గేర్‌బాక్స్ వైపు) సిలిండర్‌లో వాషర్లు పోయాయి. స్లేవ్ సిలిండర్ మీది రబ్బరు టోపీ ఎత్తి చూడండి, తడిగా ఉంటే దొంగ దొరికినట్టే. పెడల్ పైన, కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా ఉంటే మాస్టర్.

చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేకుకీ ఒకటే ఫ్లూయిడ్ డబ్బా ఉంటుంది. ఫ్లూయిడ్ తగ్గుతోందంటే బ్రేకులకూ ప్రమాదమే, వాయిదా వేయకండి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే వాడాలి. ఇంజన్ ఆయిల్ చుక్క కలిసినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి:

1. డబ్బా నింపండి. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్ళతో కడగండి, రంగు లేచిపోతుంది.
2. స్లేవ్ సిలిండర్ బ్లీడర్‌కు (గాలి వదిలే చిన్న మరకు) పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొస కొంచెం ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి.
3. లోపలి మనిషి పెడల్ నెమ్మదిగా తొక్కి "పట్టుకున్నా" అనాలి.
4. బయటి మనిషి బ్లీడర్ వదులు చేసి, బుడగలు రాగానే బిగించి "వదులు" అనాలి. బిగించకముందే పెడల్ వదిలితే పోయిన గాలి వెనక్కి వస్తుంది.
5. బుడగలు ఆగేదాకా ఇదే వరుస. మధ్యలో డబ్బా ఖాళీ కానివ్వకండి, అయితే పని మళ్ళీ మొదటికే.

స్లేవ్ సిలిండర్ ఊడదీసి ఉన్నప్పుడు పెడల్ తొక్కకండి, పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది.

8. నెలల తరబడి ఆగిన బండి

పిల్లలు అమెరికాలో, బండి ఊళ్ళో షెడ్డులో. వానాకాలం దాటాక తీస్తే పెడల్ మామూలుగానే ఉంటుంది గానీ ఇంజన్ నడుస్తుండగా ఏ గేరూ పడదు. ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోయి ఉంటుంది. దీనికి వెంటనే గేర్‌బాక్స్ దించనక్కర్లేదు.

ముందు బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో, ఫ్రీ ప్లే సరిగా ఉందో లేదో చూడండి. ఇంజన్ స్టార్ట్ చేసి బాగా వేడెక్కనిచ్చి ఆపండి. ఖాళీ మైదానానికి తోసుకెళ్ళి, పెడల్ పూర్తిగా తొక్కి, ఫస్ట్ గేర్లోనే స్టార్ట్ చేయండి. బండి కదులుతుంది. పెడల్ తొక్కే ఉంచి, యాక్సిలరేటర్ ఇస్తూ, వదులుతూ, మధ్యమధ్య బ్రేకు తాకిస్తూ వెళ్ళండి. చాలాసార్లు టక్కుమని విడిపోతుంది. కొన్ని ప్రయత్నాల తర్వాతా విడవకపోతే ఆపేయండి, మరీ కుదిపితే ప్లేటు మీది లైనింగ్ ఊడి వస్తుంది.

9. గేర్‌బాక్స్ దించడం

మొదటిసారి ఒంటరిగా చేసే పని కాదిది. చిన్న కారు గేర్‌బాక్స్ కూడా చేతుల మీద పడితే ఎముకలు విరగ్గొడుతుంది. తెలిసినవాళ్ళు పక్కన ఉంటేనే దిగండి. లేదంటే షెడ్డులో చేయించుకుని 9 నుంచి 11 వరకు దగ్గరుండి చూసుకోండి.

1. బ్యాటరీ నెగటివ్ తీయండి. స్టార్టర్‌కు నేరుగా కరెంటు ఉంటుంది, మర్చిపోతే నిప్పురవ్వలే.
2. ముందు చక్రాల నట్లు నేల మీదే వదులు చేసి, బండి ఎత్తి, స్టాండ్ల మీద నిలపండి.
3. ఎయిర్ ఫిల్టర్ బాక్స్, క్లచ్ కేబుల్, గేర్ కేబుళ్ళు లేదా రాడ్లు, రివర్స్ లైటు కనెక్టరు, స్పీడ్ సెన్సరు, స్టార్టర్ మోటారు తీయండి. ప్రతి దశకూ ఒక ఫోటో.
4. గేర్ ఆయిల్ వంచండి. ఇది చేయకుండా డ్రైవ్ షాఫ్టులు లాగితే ఆయిలంతా మీ మీదే.
5. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ విడదీసి, హబ్ పక్కకు లాగి, డ్రైవ్ షాఫ్టులను ప్రై బార్‌తో గేర్‌బాక్స్‌లోంచి తప్పించండి. షాఫ్టును వేలాడనివ్వకుండా తాడుతో కట్టండి.
6. ఇంజన్‌కు కింద నుంచి చెక్క దిమ్మె అడ్డుపెట్టి జాకీ, లేదా పై నుంచి ఆధారం. గేర్‌బాక్స్‌కు వేరే జాకీ.
7. గేర్‌బాక్స్ మౌంట్లు, తర్వాత బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు కలిపే గుల్ల) బోల్టులు. బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి. అట్టముక్క మీద గేర్‌బాక్స్ బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోట గుచ్చి పెట్టండి.
8. గేర్‌బాక్స్‌ను నేరుగా, సమానంగా ఇంజన్ నుంచి దూరంగా లాగండి. ఇన్‌పుట్ షాఫ్టు పూర్తిగా బయటికి వచ్చేదాకా బరువు దాని మీద వేలాడకూడదు.

ప్రెషర్ ప్లేటుకు సాధారణంగా ఆరు బోల్టులుంటాయి. ఎదురెదురుగా, ఒక్కో చుట్టు చొప్పున వదులు చేయాలి. ఒకవైపే విప్పేస్తే కవరు వంగుతుంది.

లోపలి నల్ల పొడిని కంప్రెసర్ గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి.

10. విప్పాక ఏం చూడాలి

ప్లేటు: వెర్నియర్‌తో (లోతు, మందం కొలిచే పనిముట్టు) లైనింగ్ పై అంచు నుంచి రివెట్ తల వరకు లోతు కొలవండి. అర మిల్లీమీటరు దగ్గరికి వస్తే పని అయిపోయింది. రివెట్ తలలు మెరుస్తూ, ఫ్లైవీల్ మీద గుండ్రటి గాడులు పడి ఉంటే బాగా ఆలస్యమైంది. మందం బాగానే ఉన్నా అద్దంలా నిగనిగలాడితే వేడికి గ్లేజ్ అయింది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మధ్యలోని డ్యాంపర్ స్ప్రింగులు చేత్తో ఆడించి చూడండి, వదులుగా గలగలలాడకూడదు.

ప్రెషర్ ప్లేటు: స్ప్రింగు వేళ్ళ కొనలు ఒకే ఎత్తులో ఉండాలి. బేరింగ్ తగిలే చోట గాడి పడకూడదు. ముఖం మీద నీలి మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్ళు ఉంటే వద్దు.

ఫ్లైవీల్: స్టీలు స్కేలు అంచు ఆనించి వెనక నుంచి టార్చి వేయండి, వెలుగు ఎక్కడెక్కడ వస్తుందో చూడండి. పైపై మరకలు గరుకు కాగితంతో పోతాయి. లోతు గాడులుంటే లేత్ మీద ఫేసింగ్ (ముఖం చదును) చేయించాలి. మోడల్‌ను బట్టి ఎంతవరకు తీయొచ్చో పరిమితి ఉంటుంది, పగుళ్ళుంటే మార్చడమే. స్టార్టర్ తగులుకునే రింగు పళ్ళు కూడా ఇప్పుడే చూడండి.

రిలీజ్ బేరింగ్: చెవి దగ్గర పెట్టి తిప్పండి. గరగర వస్తే వద్దు. దీన్ని పెట్రోల్లో కడగకండి, లోపల సీలు చేసిన గ్రీజు కరిగిపోతుంది.

సీళ్ళు, ఫోర్క్: 4.6లో తడి కనిపించిన సీలు మార్చండి. ఫోర్క్ షాఫ్టు బుష్‌లో ఆడుతోందా, తుప్పు పట్టిందా చూడండి.

ప్లేటు ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చుకోవాలనిపిస్తుంది. నా మాట వింటే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ కలిపి మార్చండి. కూలి అంతా దించి ఎక్కించడానికే. ఆరు నెలలకు బేరింగ్ అరిస్తే అదే కూలి మళ్ళీ ఇవ్వాలి.

సెట్ కొనేటప్పుడు బండి మోడల్, తయారైన సంవత్సరం, ఇంజన్ రకం చెప్పండి. ఆల్టో 800కీ కే10కీ ఒకటే అనుకోకూడదు. వీలైతే పాత ప్లేటు పట్టుకెళ్ళి వ్యాసం, మధ్యలోని పళ్ళు పోల్చి చూడండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా వాలియో, లుక్, ఎక్సెడీ లాంటి పేరున్న సెట్లు దొరుకుతాయి. బిల్లు లేకుండా సగం ధరకు ఇస్తానంటే అట్టపెట్టె మాత్రమే ఆ కంపెనీదై ఉండొచ్చు.

11. తిరిగి బిగించడం

1. కొత్త ప్రెషర్ ప్లేటు ముఖం మీద తుప్పు పట్టకుండా రాసిన నూనె పొర ఉండొచ్చు. దాన్నీ, ఫ్లైవీల్‌నీ బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. తర్వాత వేలు తగలనివ్వకండి.
2. ప్లేటు పళ్ళలో గ్రీజు సన్నటి పొర రాసి, షాఫ్టు మీదకు ఎక్కించి తీసి, బయటికి వచ్చినదంతా తుడిచేయండి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి లైనింగ్ మీద పడుతుంది.
3. ప్లేటు ఏ వైపు అన్నది చూడండి. ఫ్లైవీల్ వైపు ఏదో దాని మీద ముద్రించి ఉంటుంది. సాధారణంగా స్ప్రింగులు పొడుచుకు వచ్చిన వైపు గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. తిరగేసి వేస్తే క్లచ్ విడవదు, అంతా మళ్ళీ దించాల్సిందే.
4. అలైన్‌మెంట్ టూల్ పెట్టి, ప్రెషర్ ప్లేటు పిన్నుల మీద కూర్చోబెట్టి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. చివరి బిగింపు మాన్యువల్‌లోని టార్క్‌కు.
5. ఫోర్క్ కొనలకు, షాఫ్టుకు గ్రీజు. బేరింగ్ క్లిప్పులు సరిగా కూర్చున్నాయా?
6. గేర్‌బాక్స్ నేరుగా లోపలికి వెళ్ళాలి. ఆగిపోతే ఒకరు క్రాంక్ కొద్దిగా తిప్పాలి, లేదా గేరులో పెట్టి అవుట్‌పుట్ వైపు తిప్పాలి. మిగిలిన సందును బోల్టులతో లాగి మూయకండి. ప్లేటు మధ్య భాగం వంగుతుంది, బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది.
7. డ్రైవ్ షాఫ్టులు సీలు పెదవి చీరకుండా ఎక్కించి, టక్కుమని లాక్ పడిందో లేదో లాగి చూడండి. బాల్ జాయింట్‌కు టార్క్, స్ప్లిట్ పిన్ను ఉంటే కొత్తది.
8. గేర్ ఆయిల్ లెవెల్ రంధ్రం అంచుదాకా. బండి చదునుగా ఉన్నప్పుడే చూడాలి. మాన్యువల్‌లో ఆయిల్ గ్రేడు జీఎల్-4 అని ఉన్నచోట జీఎల్-5 పోయకండి.

స్టార్ట్ చేసే ముందు:
- గేర్ ఆయిల్ పోశామా?
- స్టార్టర్ వైరు, రివర్స్ కనెక్టరు, గేర్‌బాక్స్ ఎర్త్ వైరు పెట్టామా?
- ఫ్రీ ప్లే కొలిచామా? (కొత్త ప్లేటుకు నట్టు పాత చోట సరిపోదు.)
- ఇంజన్ ఆపి ఉండగా అన్ని గేర్లూ పడుతున్నాయా?
- అట్టముక్క మీద బోల్టు ఏదైనా మిగిలిందా?

12. కొత్త సెట్ వేశాకా ఇబ్బందా?

*గేర్లు పడటం లేదు:* ముందు ఫ్రీ ప్లే. హైడ్రాలిక్ అయితే గాలి. రెండూ సరిగా ఉంటే ప్లేటు తిరగేశారు, లేదా ఎక్కించేటప్పుడు వంచారు.

*వణుకుతోంది:* మొదటి కొన్ని కిలోమీటర్లు కొద్దిగా ఉండి తగ్గితే పర్వాలేదు. తగ్గకపోతే చేతి జిడ్డు, గ్రీజు అంటుకుని ఉండొచ్చు, ఫ్లైవీల్ ముఖం బాగుచేయకుండా వేసి ఉండొచ్చు, మౌంటు బోల్టు బిగించకపోయి ఉండొచ్చు.

*జారుతోంది:* కేబుల్ మరీ బిగించారు. వదులు చేశాక కూడా జారితే ఆయిల్ సీలు.

*పెడల్ ముందుకన్నా చాలా గట్టిగా ఉంది:* కొత్త ప్రెషర్ ప్లేటుతో కొంచెం తేడా సహజం. మరీ కాలు నొప్పి పుట్టేలా ఉంటే వేరే మోడల్ సెట్ వేశారేమో పెట్టె మీద నంబరు చూడండి, పాత కేబుల్ మార్చండి.

13. షెడ్డులో చేయించేవాళ్ళు అడగాల్సినవి

- దించే ముందు ఫ్రీ ప్లే ఎంత ఉందో మీ ఎదుటే కొలవమనండి.
- పాత ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మీకు ఇచ్చేయాలని ముందే చెప్పండి. వాటిని 10వ భాగం పక్కన పెట్టి చూస్తే నిజంగా అరిగాయో లేదో మీకే తెలుస్తుంది.
- ఫ్లైవీల్, సీళ్ళు విప్పినప్పుడు ఫోటోలు పంపమనండి.
- బిల్లులో సెట్ పార్ట్ నంబరు, గేర్ ఆయిల్ గ్రేడు రాయించుకోండి.

బండి ఇంటికి వచ్చాక మొదటి 500 కి.మీ. వరకు ఘాట్ రోడ్లు, పూర్తి లోడు, ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో నిలబెట్టడం మానేయండి. ఎత్తులో ఆగాల్సి వస్తే హ్యాండ్‌బ్రేకే వాడండి. 500 కి.మీ. అయ్యాక స్కేలు తీసి ఫ్రీ ప్లే మళ్ళీ కొలిచి, తేదీ, కి.మీ. రీడింగ్‌తో సహా సర్వీసు పుస్తకం వెనక అట్ట మీద రాసుకోండి. తర్వాత ప్రతి సర్వీసుకూ అదే కొలత దాని కింద రాస్తూ పోతే, ప్లేటు ఎంత త్వరగా అరుగుతోందో గేర్‌బాక్స్ దించకుండానే తెలుస్తుంది.